ఒకటిన్నర మంది

లెక్కల మాస్టారు కాలు విరగ్గొట్టుకున్నది ఆటస్థలంలోనే కాబట్టి, ఆ వ్యవహారం తిరిగి తిరిగి తన మెడకే చుట్టుకుంటుందని డ్రిల్లు టీచరు ముందే అనుకుంది. టీచర్లకూ పెద్ద క్లాసు పిల్లలకూ మధ్య ఫుట్‌బాల్ మ్యాచి పెట్టింది ఆమే, ఈల ఊదిందీ ఆమే. "నేనూ ఒకప్పుడు ఆడినవాణ్ణేనమ్మా" అంటూ ప్యాంటు మడిచి బరిలోకి దిగిన మాస్టారు, బంతిని వదిలేసి గోలుస్తంభాన్ని బలంగా తన్నాడు. కట్టు కట్టిన డాక్టరు నెల తిరిగేదాకా కాలు కింద పెట్టొద్దన్నాడు.

మర్నాడు పొద్దున్నే హెడ్‌మాస్టరు కబురు పెట్టాడు.

"ఏడో తరగతి లెక్కలు మీరు చూసుకోవాలి మేడమ్."

"నేనా సార్? నాకు లెక్కలంటే స్కోరు వేయడం వరకే."

"అదీ లెక్కేగా! మిగతా అందరికీ ఊపిరాడని పీరియడ్లు. మీకైతే చినుకు పడితే చాలు, క్లాసు ఖాళీ. ఎంతండీ, ఒక్క పాఠం. భిన్నాల భాగహారం. తిరగేసి గుణించడమేగా!" ఆయన గొంతు తగ్గించాడు. "పైగా మీ ఇంట్లోనే ఉన్నారు కదా, మా గురువుగారు."

గురువుగారంటే డ్రిల్లు టీచరు అత్తగారు. ఆవిడ ఇదే బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. హెడ్‌మాస్టరు కూడా ఆవిడ దగ్గర చదివినవాడే. ఆవిడ కూరగాయలకు బయల్దేరితే చాలు, నెత్తి మీద జుట్టు ఊడిపోయిన పెద్దమనుషులు కూడా స్కూటరు దిగి పక్కకు నిలబడతారు. కోడలంటే ఆవిడకు అభిమానమే. ఆ ఉద్యోగమంటేనే కాస్త నవ్వు. "మా కోడలికి జీతమిచ్చి మరీ ఆడిస్తారు" అని పక్కింటివాళ్ళతో అంటూ ఉంటారు. కోడలు కూడా వినీ విననట్టు ఊరుకుంటుంది.

సాయంత్రం సంగతి విన్న అత్తగారి మొహం వెలిగిపోయింది. బీన్స్ తరుగుతున్న కత్తిని పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"ఇదేం బ్రహ్మవిద్య కాదమ్మాయ్. భిన్నంతో భాగించమన్నారనుకో. రెండోదాన్ని తలకిందులు చేస్తావ్. మధ్యలో గుణకారం గుర్తు పెడతావ్. గుణిస్తావ్. చేతులు దులుపుకుంటావ్."

"ఎందుకు తలకిందులు చేయాలి అత్తయ్యా?"

"ఎందుకేంటి? చేస్తే జవాబు వస్తుంది కనక."

డ్రిల్లు టీచరుకు ఆ మాట నచ్చింది. ఫుట్‌బాల్లో బంతిని చేత్తో ఎందుకు పట్టుకోకూడదంటే ఏం చెబుతాం? అది ఆట రూలు. ఇది లెక్క రూలు. ఆమె హాయిగా నిద్రపోయింది.

మొదటి క్లాసు పండగలా గడిచింది. ఆమె బోర్డు మీద రెండు భిన్నాలు పక్కపక్కన రాసి, అలవాటు కొద్దీ అటెన్షన్‌లో నిలబడి, "రెండో భిన్నం... వెనక్కి తిరుగ్!" అని కేక పెట్టింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆ తర్వాత ఏ లెక్క వచ్చినా క్లాసంతా ఒక్క గొంతుతో "వెనక్కి తిరుగ్!" అని అరిచి, భిన్నాన్ని తలకిందులు చేసి, టకటకా గుణించేసింది. అన్నీ కరెక్టే. ఇంత సులువైన పనికి మాస్టార్లు అంత మొహం మాడ్చుకుని తిరుగుతారెందుకో ఆమెకు అర్థం కాలేదు.

అప్పుడు లాయరు చెయ్యెత్తాడు.

వాడి నాన్న లాయరు కాదు, తాతా లాయరు కాదు. రెండో బెంచీలో కూర్చునే గుండ్రటి పిల్లాడు. ఏది చెప్పినా అడ్డంగా ఒక ప్రశ్న వేస్తాడని క్లాసు వాడికా పేరు పెట్టింది.

"టీచర్, పన్నెండుని మూడుతో భాగిస్తే నాలుగు. తగ్గింది కదా?"

"తగ్గింది."

"మూడుని అరతో భాగిస్తే ఆరు వచ్చిందంటున్నారు. భాగించడం అంటే పంచడమే కదా. పంచితే ఎక్కడైనా పెరుగుతుందా టీచర్?"

డ్రిల్లు టీచరు చాక్‌పీసు బల్ల మీద పెట్టేసింది.

"రేపు చెప్తా."

"వాయిదా!" అన్నాడు లాయరు, పక్కవాడికి మాత్రమే వినబడేలా అనుకుంటూ. అందరికీ వినబడింది.

ఇంటికొచ్చి చెబితే అత్తగారు తేలిగ్గా తీసిపారేశారు. "ఇలాంటివాడు క్లాసుకొకడుంటాడు. వాడికి ఇంకో పది లెక్కలివ్వు. అడగడానికి తీరికుండదు."

కానీ ఆ ప్రశ్న డ్రిల్లు టీచరుకు చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది. మర్నాడు పొద్దున జట్టుకు ప్రాక్టీసు చేయించి నీళ్ళు ఇస్తోంది. సీసాలు మూడే ఉన్నాయి. "తలా అర సీసా, అంతకంటే ఎక్కువ తాగొద్దు" అంది. పిల్లలు వరసగా వచ్చి తాగారు. ఆరుగురు తాగాక నీళ్ళు అయిపోయాయి. ఖాళీ సీసాలు చేత్తో పట్టుకుని ఆమె అక్కడే నిలబడిపోయింది. మూడు సీసాలు, తలా అర, ఆరుగురు. ఇదేగా లాయరు అడిగింది! ఇక్కడ మూడింటిని ఇంతమందికని ముందే అనుకుని పంచడం లేదు. మూడులో అరలు ఎన్ని ఉన్నాయని అడుగుతున్నాం. వాటా చిన్నదైతే మనుషులు ఎక్కువవుతారు. అంతే కదా!

ఆ రోజు ఆమె బోర్డు మీద మూడు పొడవాటి డబ్బాలు గీసి, ఒక్కోదానికి మధ్యలో గీత పెట్టి, పిల్లలతో అరలు లెక్కపెట్టించింది. ఆరు. లాయరు తల ఊపాడు. కోర్టు సంతృప్తి చెందింది.

అక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది. కానీ ఊపు వచ్చింది. ఆట గెలుస్తున్నప్పుడు ఎవరు ఆపుతారు? పుస్తకంలో కనబడిన తర్వాతి లెక్క తీసుకుంది. ఒకటిని మూడింట రెండు వంతులతో భాగించాలి.

"ఒక డబ్బా గీశాను. మూడు సమాన ముక్కలు చేశాను. రెండు ముక్కలు కలిస్తే ఒక వాటా. చూడండి, ఒక వాటా వచ్చేసింది." రెండు ముక్కలకు రంగు చాక్‌పీసు పూసింది. "ఇంకా ఎంత మిగిలింది?"

"ఒక ముక్క!"

"అదెంత?"

"మూడో వంతు!"

"అయితే జవాబు?"

"ఒకటీ, పైన మూడో వంతు!" అంది క్లాసు గట్టిగా.

"శభాష్. ఇప్పుడు రూలుతో చూద్దాం. వెనక్కి తిరుగ్!" మూడింట రెండు తిరగబడి మూడు బై రెండైంది. ఒకటితో గుణిస్తే మూడు బై రెండే. అంటే ఒకటిన్నర.

ఆమె బొమ్మ వంక చూసింది. ఒకటీ మూడో వంతు. రూలు వంక చూసింది. ఒకటిన్నర. మళ్ళీ బొమ్మ వంక చూసింది. వెనక నలభై కళ్ళు తన వీపుని పొడుస్తున్నట్టు తెలుస్తోంది.

"టీచర్, రూలు తప్పు," అన్నాడు లాయరు. "బొమ్మ కళ్ళ ముందుంది కదా. సాక్ష్యం."

"బొమ్మే తప్పు," అంది కిటికీ పక్కనుంచి బుల్లెట్. బడి మొత్తంలో వేగంగా పరిగెత్తే పిల్ల. "నిన్న అన్ని లెక్కలూ రూలుతోనే కరెక్టొచ్చాయి."

క్షణంలో క్లాసు రెండు పార్టీలైంది. బొమ్మ పార్టీ, రూలు పార్టీ. బెంచీల మీద చరుపులు, కేకలు. పక్క గది టీచరు వచ్చి తలుపు దగ్గర నిలబడి చూసి వెళ్ళింది. ఎన్నో మ్యాచిల్లో తీర్పు చెప్పిన డ్రిల్లు టీచరు మొదటిసారి ఈల నోట్లో పెట్టుకుని ఊదలేక నిలబడింది. ఎవరి పుణ్యానో గంట కొట్టారు.

ఆ సాయంత్రం ఆమె చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి వెళ్ళింది.

"అత్తయ్యా, ఒకటిని మూడింట రెండుతో భాగిస్తే?"

"ఒకటిన్నర," అన్నారు అత్తగారు వెనక్కి తిరగకుండానే.

"మరి బొమ్మలో ఒకటీ మూడో వంతు వస్తోంది."

"బొమ్మ తప్పు గీసుంటావ్. అసలు బొమ్మలతో లెక్కలేంటమ్మాయ్, డ్రాయింగు క్లాసా?"

"మీరే గీయండి."

అత్తగారు పాత న్యూస్‌పేపరు తెచ్చి, పొడవాటి ముక్క చింపి, మూడు మడతలు పెట్టారు. రెండు మడతలు ఒక వాటా. మిగిలింది ఒక మడత. వేలితో దాన్ని అటూ ఇటూ తిప్పారు. విప్పారు, మళ్ళీ మడిచారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. కాగితం ఏ మాత్రం మొహమాటపడకుండా మళ్ళీ అదే చెప్పింది. మూడో వంతు.

"ఒకటిన్నరే," అన్నారు ఆవిడ. కానీ గొంతులో ఎప్పటి బిగువు లేదు. "ఉద్యోగం చేసినంతకాలం ఇదే చెప్పాను. తప్పెలా అవుతుంది?"

కళ్ళజోళ్ళ దుకాణం కట్టేసి ఇంటికొచ్చిన డ్రిల్లు టీచరు భర్త, భోజనాల బల్ల దగ్గర ఈ చివర తల్లినీ ఆ చివర భార్యనీ చూసి, మధ్యలో ఉన్న మడతల కాగితాన్ని చూసి, "ఎవరికైనా ఒంట్లో బాలేదా?" అని అడిగాడు. తల్లి కాగితం మడతలు ఇంకోసారి విప్పారు. అతను బుద్ధిగా తిని లేచాడు.

డ్రిల్లు టీచరు తెల్లవారాక ఒక నిర్ణయానికి వచ్చింది. కాగితంతో, చాక్‌పీసుతో తనకు పని కాదు. తనకు ఏదైనా అర్థమయ్యేది కాళ్ళతోనే. లెక్కని మైదానంలోకి దింపాలి.

బడికి ముందుగా వెళ్ళి, గేటు వైపు గోడ నుంచి లాంగ్‌జంప్ ఇసుక గుంట దాకా టేపు పట్టి కొలిచింది. ఆ దూరాన్ని సరిగ్గా మూడు ముక్కలు చేసి సున్నప్పొడితో అడ్డగీతలు పోసింది. లెక్కల పీరియడ్ గంట కొట్టగానే ఏడో తరగతిని బయటకు నడిపించింది. చూస్తే, వేపచెట్టు కింద డ్రిల్లు సామాన్ల పెట్టె మీద, గొడుగు వేసుకుని అత్తగారు కూర్చుని ఉన్నారు.

"మీరేంటి అత్తయ్యా ఇక్కడ?"

"ఏం, రాకూడదా? నీ బొమ్మ ఎక్కడ తప్పో చూద్దామని వచ్చాను."

"రండి రండి. అదెక్కడో నాకూ తెలీదు."

పిల్లలు గీత వెంట చేరారు. డ్రిల్లు టీచరు బ్యాటన్ పైకెత్తింది.

"రిలే అందరికీ తెలుసుగా. ఇది ఒక మైదానం దూరం. ఒక్కొక్కరు పరిగెత్తాల్సింది ఇందులో మూడింట రెండు వంతులు. అంటే రెండు ముక్కలు. అది మీ వంతు. మీ వంతు అయ్యాక బ్యాటన్ ఇచ్చేయాలి. ఈ దూరానికి ఎంతమంది కావాలో చూద్దాం. ముందు బుల్లెట్. రెండో గీత దగ్గర... లాయరూ, నువ్వెళ్ళి నిలబడు."

"నేనా టీచర్? నేను వాదిస్తాను గానీ పరిగెత్తను."

"ఇవాళ రెండూ చేద్దువుగాని. పో."

ఈల మోగింది. బుల్లెట్ పేరుకు తగ్గట్టే దూసుకుపోయింది. మొదటి గీత దాటింది, రెండో గీత దగ్గర బ్యాటన్ లాయరు చేతిలో కుక్కింది. లాయరు పొట్ట పట్టుకుని, ఒగురుస్తూ, క్లాసంతా చప్పట్లు కొడుతుంటే ఇసుక గుంట దాకా వచ్చాడు.

"ఆగు!" అంది టీచరు.

"అయిపోయిందా?" వాడికి నమ్మకం కుదరలేదు.

"మైదానం అయిపోయింది."

లాయరు వెనక్కి తిరిగి తాను పరిగెత్తిన ముక్కని చూశాడు. వాడి మొహం చేటంత అయింది. "అయితే నేను బతికిపోయాను టీచర్! నా వంతులో సగమే పరిగెత్తాను. ఇంకో సగం మాఫీ!"

డ్రిల్లు టీచరు చేతిలోని ఈల జారి మెడలో వేలాడింది.

"ఏమన్నావ్? మళ్ళీ అను."

"సగం మాఫీ అన్నాను టీచర్."

"దేంట్లో సగం?"

"నా వంతులో. రెండు ముక్కలు పరిగెత్తాలి కదా, ఒకటే పరిగెత్తాను."

"అది మూడో వంతు కాదా మరి? నిన్నంతా మూడో వంతని బల్లలు విరగ్గొట్టావుగా?"

"మూడో వంతే టీచర్. మైదానంలో మూడో వంతు. నా వంతులో మాత్రం..." వాడు నాలుక కరుచుకున్నాడు. తన పార్టీకి వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పానని అప్పటికి అర్థమైంది.

"లాయరు పార్టీ మారాడు!" అని బుల్లెట్ ఎగిరి గంతేసింది.

"ఎవరూ మారక్కర్లేదు," అంది డ్రిల్లు టీచరు. "బొమ్మ తప్పు కాదు, రూలూ తప్పు కాదు. మిగిలిన ముక్కని దేంతో కొలిచాం? అదీ మనం చేసిన పొరపాటు. మనం ఇక్కడ లెక్కపెడుతున్నది మైదానాలనా, పరిగెత్తేవాళ్ళనా?"

"పరిగెత్తేవాళ్ళని!"

"ఎంతమంది పరిగెత్తారు?"

"ఒకటిన్నర మంది!"

ఆ మాట అన్నాక వాళ్ళకే నవ్వొచ్చింది. ఒకడు ఒంటికాలి మీద గెంతుతూ "నేను ఆ అరమనిషిని" అన్నాడు. ఆ గోలలో అత్తగారు లేచి రావడం ఎవరూ గమనించలేదు. గొడుగు మూసి చంకలో పెట్టుకుని, చీర కుచ్చిళ్ళు కొద్దిగా ఎత్తిపట్టి, ఆవిడ సున్నం గీతలు ఒక్కొక్కటీ దాటుకుంటూ నడిచొచ్చారు.

"వెళ్ళి మళ్ళీ వెనక్కి రమ్మను," అన్నారు. "రెండు మైదానాల దూరం."

లాయరు లబోదిబోమన్నా మాఫీ అయిన సగం పరిగెత్తక తప్పలేదు. గుంట దగ్గర తిరిగి ఒక ముక్క వెనక్కి వచ్చి బ్యాటన్ ఇచ్చేశాడు. అక్కడినుంచి మూడో పిల్ల రెండు ముక్కలు పరిగెత్తి గేటు గోడని తాకింది. రెండు మైదానాలు, ముగ్గురు. ఒక్క అంగుళం మిగల్లేదు.

అత్తగారు వేళ్ళు మడుస్తున్నారు. "ఒక మైదానానికి ఒకటిన్నర మంది. రెండింటికి ముగ్గురు. నాలుగైతే ఆరుగురు. ఊఁ... ఒక మైదానంలో ముక్కలు మూడు. మనిషికి రెండు. మూడుని రెండుతో... మూడు బై రెండు..." ఆవిడ గీత మీదే ఆగిపోయారు. "అమ్మాయ్!"

"ఏంటత్తయ్యా?"

"ఈ మూడు బై రెండు ఎవరనుకున్నావ్? మనం తలకిందులు చేసిందే ఇది!"

డ్రిల్లు టీచరు అర్థం కాక చూసింది. అత్తగారు వంగి, గొడుగు మొనతో మట్టి మీద మూడింట రెండు రాశారు. పిల్లలు చుట్టూ మూగారు.

"కింద ఉన్న మూడేంటి? మైదానాన్ని ఎన్ని ముక్కలు చేశామో. పైన రెండేంటి? మనిషికి ఎన్ని ముక్కలో. ఒక్క మైదానానికి ఎంతమంది కావాలి? ముక్కల్ని మనిషి వంతుతో భాగించాలి. అప్పుడు మూడు పైకొస్తుంది, రెండు కిందికెళ్తుంది. దాన్నే నేను తలకిందులు చెయ్యమన్నాను. ఒక్కదానికి ఎంతమందో తెలిశాక, ఎన్ని మైదానాలుంటే అన్నింటితో గుణిస్తాం." ఆవిడ నిటారుగా లేచారు. "అందుకురా గుణించేది!"

ఆఖరి మాట ఎవరితో అన్నారో తెలియదు. కళ్ళజోడు వెనక కళ్ళు తళతళలాడుతున్నాయి. లాయరు మాత్రం ఎగశ్వాసతోనే, "అప్పీలు లేదు టీచర్," అన్నాడు.

సరిగ్గా అప్పుడే హెడ్‌మాస్టరు వరండాలోంచి పరుగులాంటి నడకతో వచ్చాడు. "మేడమ్! లెక్కల పీరియడ్లో ఈ గోలేంటండీ?" అని, గొడుగు పట్టుకున్న మనిషిని చూసి ఠక్కున ఆగి, చేతులు కట్టుకున్నాడు. "నమస్కారమండీ గురువుగారూ."

"రా బాబూ. భిన్నంతో భాగించేటప్పుడు రెండోదాన్ని ఎందుకు తలకిందులు చేస్తాం?"

హెడ్‌మాస్టరు అటూ ఇటూ చూశాడు. పిల్లలంతా నోళ్ళు తెరుచుకుని ఆయన వంకే చూస్తున్నారు.

"అదేంటండీ... మీరే చెప్పారు కదా. చేస్తే జవాబు వస్తుందని."

అత్తగారు నవ్వారు. కోడలు ఆవిడ అంతలా నవ్వడం ఎప్పుడూ చూడలేదు. గొడుగు ఊతగా పట్టుకుని, వంగిపోయి, దగ్గొచ్చేదాకా నవ్వారు. ఆ తర్వాత హెడ్‌మాస్టరు చేతికి బ్యాటన్ ఇచ్చి రెండో గీత దగ్గర నిలబెట్టారు.

సాయంత్రం ఇద్దరూ కలిసి నడిచి ఇంటికి వెళ్ళారు. వీధి మలుపు దాకా అత్తగారు వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటూ నడిచారు.

"ఎంతమంది పిల్లలకి చెప్పానో," అన్నారు చివరికి. "వాళ్ళలోనూ ఇలాంటి లాయర్లు ఉండే ఉంటారు."

"మీరు చేయించిన లెక్కలన్నీ కరెక్టే కదా అత్తయ్యా."

"కరెక్టే. కాదని ఎవరన్నారు? కానీ ఎలా ఉందంటే... ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో కాపురం చేసి, వెనక గదికి ఒక కిటికీ ఉందని ఇవాళ తెలిసినట్టుంది." కొంగు సర్దుకుని, "గాలి బాగా వస్తోంది," అన్నారు. బాధపడుతున్నారేమోనని భయపడిన కోడలికి అప్పుడు ఊపిరి తిరిగింది.

పాఠం పూర్తయ్యాక పరీక్ష పెట్టారు. పేపర్లు దిద్దేది లెక్కల మాస్టారే, మంచం మీద కూర్చుని. ఆ రాత్రే ఫోన్ చేశాడు.

"మార్కులు బాగానే వచ్చాయి గానీ మేడమ్, ప్రతి పేపర్లోనూ బొమ్మ గీసున్న ఈ ఒంటికాలి మనిషి ఎవరండీ? నా మీద జోకా?"

ఆయనకు సర్దిచెప్పేసరికి డ్రిల్లు టీచరు తల ప్రాణం తోకకొచ్చింది. అంతా విన్నాక ఆయన, "కట్టు విప్పాక ఆ గీతలు నాకూ ఒకసారి చూపించండి," అన్నాడు.

ఆ ఆదివారం అత్తగారు కొడుకుని వెంటబెట్టుకుని బజారుకు వెళ్ళారు. ఒక అట్టపెట్టెతో తిరిగొచ్చారు. విప్పితే లోపల తెల్ల కాన్వాసు బూట్లు. చీర కిందినుంచి వాటిని వేసుకుని, హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడకు నాలుగడుగులు వేసి చూసుకున్నారు.

"ఎవరికి అత్తయ్యా ఇవి?"

"నాకే. ఆ మట్టిలో చెప్పులు జారుతున్నాయి." లేసు ముడి ఎలా వేసుకోవాలో తెలియక కాలు ముందుకు చాపారు. కోడలు కింద కూర్చుని ముడి వేస్తుంటే అడిగారు, "అవునూ, మీ ఐదో తరగతివాళ్ళకి భిన్నాలు ఇంకా మొదలుపెట్టలేదట కదా?"

"ఇంకా లేదు."

"మంచిది. వాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పకముందే రేపు పొద్దున వెళ్ళి పట్టుకుందాం. సున్నం ఉందా, తేవాలా?"